‘ఏదైనా వస్తే బాధ్యత నాది’ అని కస్టమర్ రాసిస్తే సరిపోతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, విశాఖపట్నం అక్కయ్యపాలెంలో చిన్న షాపు పెట్టుకుని ఆర్డర్ మీద టీషర్టులు ప్రింట్ చేస్తున్నాను. ఒక క్రికెట్ టీమ్‌కి పేర్లు, నంబర్లతో 60 జెర్సీలు, ఒక్కోటి 350 రూపాయలకి ఒప్పుకున్నాను. 8,000 అడ్వాన్స్ ఇచ్చారు. ముందు ఒక పీసు ప్రింట్ చేసి వాట్సాప్‌లో ఫొటో పంపితే ‘ఓకే’ అన్నారు. తీరా సరుకు రెడీ అయ్యాక, రంగు ఫొటోలో ఉన్నట్టు లేదు, అడ్వాన్స్ తిరిగివ్వకపోతే కన్స్యూమర్ కోర్టుకి వెళ్తామంటున్నారు. ఇంకొకాయన పేరున్న స్పోర్ట్స్ బ్రాండ్ లోగోతో 100 టీషర్టులు అడుగుతున్నారు. ఏదైనా వస్తే బాధ్యత తనదేనని స్టాంప్ పేపర్ మీద రాసిస్తారట. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: లోగో ఆర్డర్ సంగతి ముందు చెబుతాను. అది ఇంకా మొదలు కాలేదు కాబట్టి ఆపడం మీ చేతుల్లోనే ఉంది. ఒప్పుకోకండి.

ఆయన రాసిచ్చే స్టాంప్ పేపర్ మిమ్మల్ని కాపాడదు, పైగా మీ మీదే సాక్ష్యం అవుతుంది. అనుమతి లేకుండా ఒకరి మార్కును సరుకు మీద వేస్తే, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 103 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మోసం చేసే ఉద్దేశం లేదని నిరూపించుకుంటే బయటపడే దారి కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. కానీ ‘ఏదైనా వస్తే’ అన్న కాగితం మీ షాపులో దొరికిందంటే, ఏదో వస్తుందని మీకు ముందే తెలుసన్నమాట. ఆ దారిని మీరే మూసుకున్నట్టు అవుతుంది. పైగా, తెలిసి చేసిన నేరానికి నష్టం ఇంకొకరు భరిస్తారనే ఒప్పందం కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 ముందు నిలవదు.

సినిమా రిలీజుకి ముందు అభిమానులు తెచ్చే పోస్టర్ బొమ్మలు, పిల్లల కార్టూన్ బొమ్మలు కాపీరైట్ కిందికి వస్తాయి. శిక్ష కూడా అంతే ఉంటుంది. తెలిసి చేసే కాపీరైట్ ఉల్లంఘన నాన్ బెయిలబుల్ నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఎస్సై స్థాయి అధికారి వారెంట్ లేకుండానే సరుకు పట్టుకోవచ్చు. ‘గూగుల్‌లో దొరికింది సార్’ అన్న మాట అక్కడ పనికిరాదు. కాలేజీలు, కంపెనీలు సొంత లోగోతో అడిగితే ఏ ఇబ్బందీ లేదు. వాళ్ల లెటర్‌హెడ్ మీద ఆర్డర్ తీసుకోండి, చాలు.

ఇక జెర్సీలు. ఆర్డర్‌లో రంగు పేరు ఏమని ఉందో ముందు చూసుకోండి. రాయల్ బ్లూ అడిగితే మీరు నేవీ బ్లూ ఇచ్చి ఉంటే వాదన అనవసరం, డబ్బు తిరిగివ్వండి. రంగు అదే, ఛాయలోనే తేడా అంటే మీకు బలం ఉంది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 17 ప్రకారం, శాంపిల్ చూపించి అమ్మినప్పుడు సరుకు ఆ శాంపిల్‌కి సరిపోవాలి. మీ బలహీనత కూడా అక్కడే ఉంది. వాళ్లు చూసింది పీసును కాదు, దాని ఫొటోను. ఒకే ఫొటో ఒక్కో ఫోన్‌లో ఒక్కో రంగులో కనిపిస్తుందని ఈ పనిలో ఉన్న మీకు నాకన్నా బాగా తెలుసు. అవతలి లాయర్ పట్టుకునేది దాన్నే.

తప్పు వాళ్లదే అయినా, అడ్వాన్స్ మొత్తం ఉంచుకునే హక్కు దానంతటదే రాదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 సమంజసమైన పరిహారం వరకే ఒప్పుకుంటుంది. పేర్లు వేసిన జెర్సీలను ఇంకెవరూ కొనరు కాబట్టి మీ నష్టం నిజమైనదే. బట్ట, ఇంకు కొన్న బిల్లులు జాగ్రత్త చేయండి. మిగతా 13,000 ఇచ్చేవరకు సరుకు మీ దగ్గరే ఉంచుకునే హక్కు సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 47 ఇస్తుంది.

కన్స్యూమర్ కమిషన్‌కి (మీరన్న కన్స్యూమర్ కోర్టు అదే) వెళ్తామన్నది ఉత్త బెదిరింపు అనుకోవద్దు. ఆడుకోవడానికి కొన్నారు కాబట్టి వాళ్లు వినియోగదారులే. రెండేళ్లలోపు ఎప్పుడైనా వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. బిల్లు మీద ‘వాపసు లేదు’ అని అచ్చు వేయించి ఉన్నా, సరుకులో నిజంగా లోపం ఉంటే అది మిమ్మల్ని ఆదుకోదు.

అందుకే కెప్టెన్‌ని షాపుకి పిలిచి, ట్యూబ్‌లైట్ కింద కాదు, బయట పగటి వెలుతురులో ఆ మొదటి పీసునూ జెర్సీలనూ పక్కపక్కన పెట్టి చూపించండి. వెయ్యో రెండు వేలో తగ్గించి ముగించగలిగితే నా మాట విని ముగించండి. 13,000 కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగితే మీ షాపు దెబ్బతింటుంది. వినకపోతే, ఫలానా తేదీలోగా డబ్బు కట్టి సరుకు తీసుకెళ్లమని రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

ఇకమీదట ఫొటోకి ఓకే తీసుకోకండి. పీసు చేతికిచ్చి, ఆర్డర్ ఫారం మీద సంతకం తీసుకోండి.

ఈ వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, ఆ చాట్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. ఆ మొదటి పీసును ఎవరికీ ఇవ్వకండి, ఉతకకండి, ఎండ తగలనివ్వకండి. కేసు నడిస్తే కమిషన్ ముందు పెట్టాల్సింది దాన్నే.