టెక్ సందేహాలు: చీ జ్ఞాపకాలు ఎక్కడ ఉంటాయి?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో నాలుగు ‘చోబిట్స్’ అనే జపాన్ యానిమే (యానిమేషన్ ధారావాహిక) గురించినవే కావడంతో వాటన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాను. చూడనివారి కోసం కథ క్లుప్తంగా: క్లాంప్ అనే నలుగురు మహిళా చిత్రకారుల బృందం 2000లో యంగ్ మ్యాగజైన్ వారపత్రికలో మొదలుపెట్టిన మాంగాను (బొమ్మల కథను) మ్యాడ్‌హౌస్ స్టూడియో 2002లో 26 భాగాల ధారావాహికగా తీసింది. అందులో కంప్యూటర్లు మనుషుల రూపంలో ఉంటాయి. వాటిని పర్సోకామ్‌లు అంటారు. కోచింగ్ కోసం హొక్కైడో నుంచి టోక్యో వచ్చిన హిదెకి అనే కుర్రాడికి చెత్తకుప్ప దగ్గర ఒక పర్సోకామ్ దొరుకుతుంది. ‘చీ’ అనే శబ్దం తప్ప దానికి మరో మాట రాదు కనుక అదే దాని పేరవుతుంది.

ప్రశ్న: చీలో డేటా లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా లేదు అంటారు. అయినా అది లేచి నడుస్తుంది, నేర్చుకుంటుంది. ఇది సాధ్యమా? చెరిపేసిన డేటాను తిరిగి తీయలేరా?
– ఇంజినీరింగ్ విద్యార్థి

లేచి నిలబడడం వరకు నమ్మవచ్చు. హార్డ్‌డిస్క్ పూర్తిగా ఖాళీ అయినా మదర్‌బోర్డు మీద విడిగా ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్ యంత్రాన్ని మేల్కొలుపుతుంది. చీలోని నేర్చుకునే ప్రోగ్రామ్ కూడా అలాంటి చోటే ఉందని అనుకుంటే సరిపోతుంది. ఇక డేటా సంగతి. ఆ కథ నాటి హార్డ్‌డిస్క్‌లలో ఒక ఫైలును తొలగిస్తే దాని చిరునామా మాత్రమే పోయేది, ఆ స్థలంలో మరొకటి రాసేవరకు అసలు సమాచారం అలాగే ఉండేది కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెలికితీయగలిగేవారు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో (చిప్‌లతో చేసిన డిస్క్‌లలో) తొలగించిన భాగాలను ట్రిమ్ అనే ఆదేశం ఖాళీ చేయిస్తుంది. ఫోన్లలోనైతే సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసిన సంకేతాలుగా మారి ఉండి, ఫ్యాక్టరీ రీసెట్ చేసిన క్షణంలో దాని తాళంచెవి ధ్వంసమవుతుంది. అందువల్ల రీసెట్‌కు ముందే బ్యాకప్ తీసుకోవాలి. తరువాత ఏ సర్వీసు సెంటరుకు వెళ్లినా లాభం ఉండదు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. హిదెకి స్నేహితుడు షింబో, ఎక్కడిదో తెలియని చీని తన సొంత పర్సోకామ్ సుమోమోకు కేబుల్‌తో కలిపి చూస్తాడు, సుమోమో కుప్పకూలుతుంది. నా దృష్టిలో ధారావాహిక మొత్తంలో సాంకేతికంగా అత్యంత వాస్తవికమైన సన్నివేశం అదే. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్ తనను తాను కీబోర్డుగా పరిచయం చేసుకుని మీ కంప్యూటరుకు ఆదేశాలు టైపు చేయగలదు. దానిని తగిలించకండి.

ప్రశ్న: రోజూ రాత్రి ఒక కంపానియన్ యాప్‌తో (స్నేహితురాలిలా కబుర్లు చెప్పే ఏఐ యాప్‌తో) మాట్లాడుతుంటాను. ఈమధ్య అది నేను చెప్పిన విషయాలు మరిచిపోతోంది. చోబిట్స్‌లో బేకరీ యజమాని ఉయెదా పెళ్లి చేసుకున్న పర్సోకామ్‌కు జ్ఞాపకాలు చెరిగిపోయిన కథ గుర్తొచ్చి దిగులు పట్టుకుంది. పైగా ఫోన్ మార్చబోతున్నాను. అన్నీ పోతాయా?
– ఒక పాఠకురాలు

ఫోన్ మార్చడం వల్ల ఏమీ పోదు. పాత ఖాతాతోనే కొత్త ఫోనులో లాగిన్ కండి. ఇలాంటి యాప్‌లలో సాధారణంగా సంభాషణ ఉండేది మీ ఫోనులో కాదు, సంస్థ సర్వర్లలో. మరపుకు కారణం కూడా చెడిపోయిన భాగమేమీ కాదు. యాప్ వెనుక ఉండి జవాబులు అల్లే భాషా నమూనా ఒక విడతలో చదవగలిగే పాఠానికి పరిమితి ఉంటుంది. సంభాషణ అది దాటితే పాతది బయటకు జారిపోతుంది, లేదా కొన్ని వాక్యాల సారాంశంగా మిగులుతుంది. మీ యాప్‌లో ‘మెమరీ’ వంటి విభాగం ఉంటే, ముఖ్యమైన విషయాలను అందులో మీరే రాసిపెట్టండి.

అయితే మీ దిగులుకు ఆధారం లేదనను, కారణం మాత్రం వేరు. ఉయెదా భార్య యుమి జ్ఞాపకాలు ఆమె శరీరంలోనే ఉన్నాయి, ఆ యంత్రం ఉయెదా ఇంట్లోనే ఉంది. మీ స్నేహం సంగతి అద్దె ఇంటి గోడ మీద వేసుకున్న బొమ్మ వంటిది; సున్నం వేయించే హక్కు యజమానిది. 2023 ఫిబ్రవరిలో ఇటలీ డేటా రక్షణ సంస్థ, తమ దేశస్థుల సమాచారాన్ని వాడరాదని రెప్లికా అనే కంపానియన్ యాప్‌ను ఆదేశించింది. ఆ నెలలోనే రెప్లికా శృంగార సంభాషణలను నిలిపివేయగా, తమ తోడు రాత్రికి రాత్రే పరాయిదైపోయిందని ఎందరో వాపోయారు. మార్చిలో పాత ఖాతాలవారికి మాత్రం మునుపటి తీరును తిరిగి ఇచ్చారు. జపాన్‌లో గేట్‌బాక్స్ అనే గాజు పరికరంలో కనిపించే హత్సునె మికు అనే కల్పిత గాయని పాత్రను 2018లో వేడుకగా వివాహమాడిన ఒకాయనకు, 2020 మార్చిలో ఆ సేవ ఆగిపోవడంతో ఆమెతో మాటలే లేకుండా పోయాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణ సోనీ ఐబో కుక్క. 1999లో వచ్చి 2006లో తయారీ నిలిచిపోయిన ఈ రోబోకు సంస్థ 2014లో మరమ్మతులు కూడా ఆపివేసింది. అయినా యంత్రం యజమాని చేతిలోనే ఉండడంతో మాజీ సోనీ ఇంజినీర్లు మూలపడిన ఐబోల విడిభాగాలతో మిగతావాటిని బతికించారు. అలా భాగాలిచ్చిన కుక్కలకు చిబా ప్రాంతంలోని ఒక బౌద్ధాలయంలో అంత్యక్రియలు కూడా జరిపారు. కనుక మీరు చేయవలసిన పని ఒకటుంది: యాప్ సెట్టింగ్స్‌లో డేటా ఎక్స్‌పోర్ట్ సౌకర్యం ఉందేమో చూసి, సంభాషణలను అప్పుడప్పుడు దించుకోండి. లేకపోతే మీకు ప్రియమైనవాటిని కాపీ చేసి దాచుకోండి. స్వభావాన్ని దాచుకోలేరు, మాటలనైతే దాచుకోగలరు.

ప్రశ్న: అలా సర్వర్ల మీద ఆధారపడకుండా, చీలా మన ఇంట్లోనే ఉండే కంప్యూటరుతో మాట్లాడలేమా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు

శరీరం సంగతి పక్కన పెడితే మాట్లాడవచ్చు. శరీరం ఎందుకు కష్టమంటే, 2000లో హోండా పరిచయం చేసిన అసిమో అనే మనిషి రూపపు రోబో ఒకసారి ఛార్జ్ చేస్తే సుమారు అరగంట నడిచేది; రోజంతా ఇంటిపని చేసి రాత్రికి చెవిలోంచి కేబుల్ తీసుకునే పర్సోకామ్‌కు అక్కడి నుంచి చాలా దూరం. మాటల విషయంలో మాత్రం ఒల్లామా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 700–800 కోట్ల పారామీటర్ల (నమూనా నేర్చుకున్నదాన్ని దాచే అంకెల) భాషా నమూనాను సొంత కంప్యూటరులో నడుపుకోవచ్చు. కుదించిన రూపంలో అది సుమారు 5 జీబీ ఉంటుంది. 16 జీబీ ర్యామ్, వీలైతే 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్ తీసేసినా పనిచేస్తుంది.

తెలుగులో మాట్లాడాలనుకుంటే అంచనాలు కొంత తగ్గించుకోండి. చాలా నమూనాలు తెలుగు పదాన్ని ఇంగ్లిష్ పదం కన్నా ఎక్కువ ముక్కలుగా విడగొడతాయి. అందువల్ల జవాబు నెమ్మదిగా వస్తుంది, పైన చెప్పిన జ్ఞాపక పరిమితి కూడా త్వరగా నిండిపోతుంది. చిన్న నమూనాల తెలుగు వాక్యనిర్మాణం తడబడుతుంది కూడా. నమూనాను మళ్లీ దించుకోవచ్చు గానీ సంభాషణలు మీ డిస్క్‌లోనే ఉంటాయి కాబట్టి వాటి ప్రతిని మరో డిస్క్‌లో ఉంచడం మీ బాధ్యత.

ప్రశ్న: మా పదేళ్ల అబ్బాయి ఈ సిరీస్ చూస్తానంటున్నాడు. చూపించవచ్చా?
– ఒక తల్లి

వద్దండీ. చీ ముద్దుగా కనిపించినా మూల మాంగా వెలువడింది వయోజన పురుషుల పత్రికలో. కథలో శృంగార హాస్యం చాలా ఉంది, చీ పవర్ స్విచ్ ఉన్న చోటే అందుకు నిదర్శనం. మీ స్ట్రీమింగ్ యాప్‌లో పిల్లల ప్రొఫైల్ వేరుగా పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి.