రోప్స్ దగ్గర తీసుకోవలసిందీ, వదిలేయవలసిందీ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పెళ్లిళ్ల పేరుతో మన ఇళ్లలో జరిగే బేరాల మీద ఎచింగులు (లోహపు ప్లేటును ఆసిడ్‌తో తినిపించి అచ్చు తీసే బొమ్మలు) వరసగా వేస్తాననీ, చూసినవాళ్లు ఉలిక్కిపడాలనీ, అందుకే బెల్జియం చిత్రకారుడు ఫెలిసియన్ రోప్స్‌ను ముందు పెట్టుకున్నాననీ రాశావు. నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే నువ్వు రాసిన జాబితాలో ఉన్నవన్నీ ఆయన పేరు మోగిపోయాక చేసినవే: 1878లో వేసిన 'పోర్నోక్రాటెస్', అదే ఏటి 'సెయింట్ ఆంటనీ ప్రలోభం', 1882 నాటి సైతాను బొమ్మలు. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టమ్మా.

ముందు ఆయన లిథోలు, అంటే రాయి మీద గీసి అచ్చు తీసిన బొమ్మలు చూడు. బెల్జియంలోని నామూర్‌లో 1833లో పుట్టి, పాతికేళ్లైనా నిండకముందే 1856లో బ్రస్సెల్స్‌లో 'ఉయ్‌లెన్‌స్పీగెల్' అనే వ్యంగ్య వారపత్రిక మొదలుపెట్టాడు. వారం వారం రాయి మీద గీయడమంటే చేతికి అంతకు మించిన సాధన లేదు. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన ముసలి సిపాయిలకు మూడో నెపోలియన్ పతకాలు పంచితే, దాన్ని ఎద్దేవా చేస్తూ 1858లో 'వాటర్లూ పతకం' వేశాడు. 1863లో వేసిన 'వాలోనియా పల్లెలో అంత్యక్రియలు' (వాలోనియా అంటే బెల్జియం దక్షిణ భాగం) ఇంకా గొప్పది. అందులో నగ్నత్వం లేదు, సైతాను లేడు. గోతి చుట్టూ చేరిన మతాధికారుల ముఖాలు ఒక్కొక్కటీ చూడు. ఆ మనుషులను ఎరిగినవాడు తప్ప అలా గీయలేడు. చిన్నప్పుడు జెస్యూట్ పాదిరీల బడిలో చదివినవాడు మరి! నువ్వు కూడా ముందు ఆ పెళ్లిచూపుల్లో కూర్చునే మనుషుల ముఖాలు గీయి. మీ పెద్దత్తయ్య పళ్లెం అందుకునే తీరు, మధ్యవర్తి నవ్వు, లెక్క తేలేదాకా మాట్లాడని పెదబావగారు. స్కెచ్ పుస్తకం నిండేదాకా ప్లేటు ముట్టుకోకు.

తర్వాత ఫ్రెంచి కవి బాదలేర్ పుస్తకానికి వేసిన ముఖచిత్రం దగ్గరకు రా. 1857లో ఫ్రాన్స్ కోర్టు నిషేధించిన ఆరు పద్యాలను కలుపుకుని 'లెజెపావ్' అనే సంపుటి 1866లో వచ్చింది. దానికోసం రోప్స్ అస్థిపంజరాన్నే చెట్టుగా మలిచాడు. చేతులు కొమ్మలయ్యాయి, చెట్టు మొదలు దగ్గర క్రైస్తవులు చెప్పే ఏడు మహాపాపాలు మొక్కలుగా మొలిచాయి. దీన్ని వేయాలంటే పద్యాలు మళ్లీ మళ్లీ చదివి ఉండాలి. కవికి ఈయనంటే ఎంత గురి అంటే, రోప్స్ ప్రతిభ ఈజిప్టులోని కియోప్స్ పిరమిడ్ అంత ఎత్తని పద్యంలోనే చెప్పాడు. నీ పెళ్లి బొమ్మలకు కూడా అలాంటి చదువు కావాలి. పాత శుభలేఖలు, కట్నం ఒప్పుకున్న కాగితాలు, అప్పగింతల పాటలు పోగు చెయ్యి. సంకేతం వాటిలోంచే పుడుతుంది.

ఇక చేతిపని. రోప్స్‌కు ప్రాణమైన పద్ధతి సాఫ్ట్ గ్రౌండ్. గ్రౌండ్ అంటే ఆసిడ్ తాకకుండా ప్లేటు మీద వేసే మైనపు పూత. ఈ పద్ధతిలో దానిలో కొవ్వు కలుపుతారు కాబట్టి అది గట్టిపడదు. పైన పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో గీస్తే, నొక్కిన చోట గ్రౌండ్ కాగితానికి అంటుకుని లేచిపోతుంది. ఆసిడ్ అక్కడే తింటుంది. అచ్చు తీస్తే గీత పెన్సిల్ గీతలాగే, కాగితపు గరుకుతో సహా వస్తుంది. మృదువైన చర్మం గీయడానికీ, మసక వెలుతురు తేవడానికీ ఇంతకన్నా మంచి దారి లేదు. ఆయన అంతటితో ఆగలేదు. లీజ్ నగరపు కళాకారుడు ఆర్మాండ్ రాసెన్‌ఫోస్‌తో కలిసి ఏళ్ల తరబడి కొత్త గ్రౌండ్ కోసం ప్రయోగాలు చేశాడు. నువ్వు కాగితం పరిచాక అరచేయి ఆనించకు, ఆ ముద్ర కూడా అచ్చులో పడుతుంది. చేతి కింద చెక్కపట్టీ పెట్టుకో. జింకు ప్లేటైతే ఆసిడ్ బాగా పల్చగా కలుపు. ఎప్పుడూ నీళ్లలో ఆసిడ్ పోయాలి గాని ఆసిడ్‌లో నీళ్లు కాదు. కిటికీలు తీసి ఉంచు. ఆయన బొమ్మలు చూసేటప్పుడు ఇంకో సంగతి గమనించు. చాలా ప్లేట్లలో ఫోటో పద్ధతిలో ఎక్కించిన బొమ్మ మీద చేత్తో మళ్లీ పనిచేశాడు. ఎక్కడ యంత్రం, ఎక్కడ చెయ్యి అని వేరు చేసి చూడడం నేర్చుకుంటే నీ కన్ను పదునెక్కుతుంది.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం రాస్తాను. 'పోర్నోక్రాటెస్'లో కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ నల్లటి మేజోళ్లు, చేతి తొడుగులతో పందిని నడిపిస్తుంటే, కింద కళలన్నీ కుమిలిపోతుంటాయి. 'ప్రలోభం'లో శిలువ మీద క్రీస్తును పక్కకు నెట్టి నగ్నంగా ఒక స్త్రీ నిలుచుంటుంది. ఈ బొమ్మ గురించే మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1907లో రాశాడు, తప్పించుకోవడానికి పట్టుకున్న దానిలోంచే అణచిపెట్టిన కోరిక తిరిగి వస్తుందని. అది గొప్ప ఊహే, ఒప్పుకుంటాను. కానీ మగవాడి భయాన్నీ కోరికనూ మోయవలసింది మాత్రం ప్రతిసారీ స్త్రీ శరీరమే. సైతాను చేతిలో పనిముట్టు ఆమే, మృత్యువు ముఖమూ ఆమే. ఆ కాలపు చాలామంది సింబాలిస్టుల్లో, అంటే సంకేతాలతో లోపలి భావాలు చెప్పిన కళాకారుల్లో, ఉన్న రోగమే ఇది. మతాధికారినీ చక్రవర్తినీ నేరుగా ఎదిరించిన చెయ్యి ఇక్కడ తేలికైన శత్రువును వెతుక్కుంది. నీ వరసలో పెళ్లికూతురి ఒళ్లు ఎరగా మారనివ్వకు. బేరం చేసే చేతుల మీద ఉంచు చూపు.

ప్రదర్శన సంగతి. 1886లో 'పోర్నోక్రాటెస్'ను బ్రస్సెల్స్‌లో 'లే వాఁ' అనే కళాకారుల బృందం ప్రదర్శిస్తే గొడవైంది. కానీ అప్పటికే ఆయన పారిస్ చేరి పన్నెండేళ్లు, తన పనిని కొని దాచుకునే పుస్తకప్రియులూ ఉన్నారు. నీకు ఆ అండ లేదు. అందుకని ముందు నలుగురు ఆడవాళ్లకు, ముఖ్యంగా పెళ్లయి అత్తవారింట ఉన్నవాళ్లకు ప్రూఫులు (పరీక్షగా తీసిన అచ్చులు) చూపించు. వాళ్లు ఏ బొమ్మ దగ్గర ఆగారో రాసిపెట్టుకో, గోడ మీద వరస అదే తేలుస్తుంది.

నామూర్ మ్యూజియం ఆయన ఉత్తరాలను ఆన్‌లైన్‌లో పెట్టింది. ఫ్రెంచి రాకపోయినా ఆ అంచుల్లోని బొమ్మల కోసం చూడు. మొదటి ప్రూఫులు తీయగానే నాకు పోస్టులో పంపు, ఫోన్‌లో ఫోటో వద్దు. ప్లేటును ఎంతసేపు ఆసిడ్‌లో ఉంచావో ప్రతిదాని వెనకా పెన్సిల్‌తో రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న