ఆరెకరాల ఆశ్రమం కంటే ముందు ఆ ఇద్దరు పిల్లల సంగతి

ప్రశ్న: మావారు టీచరుగా చేసి రిటైరయ్యారు. తెనాలి వైపు ఆరెకరాల మాగాణి ఉంది. అందులో రెండెకరాలు మా పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద నా పేరున రాసినవి. అనాథ పిల్లలు, ఆదరువు లేని తల్లులు, ముసలివాళ్లు ముప్పైమంది తమ తిండి తామే పండించుకు బతికేలా ఆశ్రమం కడతానంటున్నారు. పొలమంతా ట్రస్టుకు రాస్తారట, చేతిలో ఉన్న 38 లక్షలూ అందులోకే. తల్లీతండ్రీ పోయిన ఇద్దరు పిల్లల్ని, వాళ్ల అమ్మమ్మ సాకలేనంటే, పది రోజుల క్రితం ఇంటికి తెచ్చారు. మా అబ్బాయి మాట్లాడటం మానేశాడు. నా మోకాళ్లు అరిగిపోయాయి. కాదంటే పాపమేమోనని భయం.

జవాబు: అమ్మా, ముందు పిల్లల సంగతి. అండ లేని బిడ్డ కనబడితే 24 గంటల్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, పోలీసులకో, జిల్లా బాలల సంక్షేమ కమిటీకో తెలపాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఇప్పటికే పది రోజులైంది కనుక, రేపే అమ్మమ్మను వెంటబెట్టుకుని కమిటీ దగ్గరకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పండి. రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల హోమ్ నడిపితే ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడతాయి. మంచి మనసుతోనే చేశామంటే సరిపోదు.

ఇక మీవారి లెక్క. తిండి వరకు ఆయన ఆశ తప్పేమీ కాదు. మనిషికి రోజుకు 350 గ్రాముల చొప్పున ముప్పైమందికి పదిన్నర కిలోల బియ్యం, ఏడాదికి 38 క్వింటాళ్లు. క్వింటా ధాన్యానికి 65 కిలోల బియ్యం దిగితే, 75 కిలోల బస్తాలు దాదాపు 79 కావాలి. ఎకరాకు 26 బస్తాలు పండితే మూడెకరాలు దాదాపు సరిపోతాయి. కూరగాయలకు అరెకరం, పాలకు మూడు నాలుగు గేదెలు, ఎందుకంటే ఎప్పుడూ ఒకటి రెండు వట్టిపోయి ఉంటాయి. పొలం పని పిల్లలతో చేయించకూడదు, ముసలివాళ్లు చేయలేరు. మనుషుల్ని పెట్టుకుని కూలీ ఇవ్వాల్సిందే.

ఇలాంటి చోట్లు కూలేది అన్నం దగ్గర కాదు, రాత్రిపూట. మంచాన పడ్డ పెద్దాయనను పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పక్క తడిస్తే దుప్పటి మార్చడానికి ఇద్దరు కావాలి. అదే వేళకి పక్క గదిలో చిన్నపిల్ల జ్వరంతో ఏడుస్తుంది. ఒక్క ఆయా పోస్టు 24 గంటలూ నడవాలంటే మూడు షిఫ్టులు, వారాంతపు సెలవులతో కలిపి కనీసం నలుగురు. తలా 12,000 చొప్పున నెలకు 48,000, ఏడాదికి 5.76 లక్షలు. 38 లక్షలకు ఏడు శాతం వడ్డీ వేసినా 2.66 లక్షలే. మందులు, కరెంటు, పప్పు, నూనె ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ లోటు జీతం లేకుండా పూడ్చేది మీరే, ఆ మోకాళ్లతోనే. ఈ లెక్క కాగితం మీద రాసి మీవారి ముందు పెట్టండి. కాదనడం పాపం కాదమ్మా. చేతకానిదానికి ఊఁ కొట్టి, ఏడాది గడిచాక ముప్పైమందిని మళ్లీ రోడ్డున పడేయడం పాపం.

పొలం విషయంలో ఒక్కమాట. ట్రస్టుకు ఒకసారి రాసేస్తే వెనక్కి రాదనే అనుకోండి. మీ రెండెకరాలు స్త్రీధనం, మీ సంతకం లేనిదే కదలవు. మిగతాది పిత్రార్జితమైతే అబ్బాయికీ హక్కుంటుంది. వాడి అలకకు మూలం ఇదే అయుండొచ్చు. అబ్బాయిని కూర్చోబెట్టి, పొలం రాసివ్వకుండా ఒక ఎకరం ట్రస్టుకు ఐదేళ్లకు లీజుకిద్దామని మీవారితో చెప్పించండి. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలి.

మరి మొదలెక్కడంటారా? మీ దొడ్లో రెండు గదులుంటే పిల్లల్ని అమ్మమ్మతో సహా అక్కడే ఉండనివ్వండి. కమిటీ ఒప్పుకుంటే పిల్లలు సొంత మనిషి దగ్గరే పెరుగుతారు, మీరు ఇరుగుపొరుగులా అండగా ఉంటారు. బియ్యం, పాలు, కూరలు మీ పొలానివే. ఇద్దరు పిల్లలు, ఒక ముసలామె, ఒక పొలం: మీవారు కలగన్నది చిన్నరూపంలో అదే. రెండు పంటలు గడిచాక ఇంకో కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. పిల్లల హోమ్ పెట్టాలన్న ఆలోచన మాత్రం ఇప్పట్లో వద్దు.

తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద తలా నెలకు 4,000 వస్తుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. ఆధార్, స్కూలు స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా పుస్తకం, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు పెట్టుకోండి. చాలా దరఖాస్తులు ఆ చివరి కాగితం దగ్గరే ఆగుతాయి. చావు నమోదు కాకుండా ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, అందుకే రేపు కమిటీకి వెళ్లేముందే పంచాయతీ కార్యదర్శిని అడిగి చూడండి.