మేనల్లుణ్ణి కేంద్రంలో వదిలేసే ముందు

ఒడిశాలోని రాయగడలో ఉంటున్న మీ అక్కగారి అబ్బాయి, పదహారేళ్లవాడు, గంజాయికి అలవాటు పడ్డాడనీ, ఈ మధ్య పంక్చర్ సొల్యూషన్ కూడా పీలుస్తున్నాడనీ, ప్లస్ టూ మొదటి సంవత్సరం మధ్యలోనే కళాశాలకు వెళ్లడం మానేశాడనీ రాశారు. గదిలో పెట్టి తాళం వేద్దామని మీ బావగారు, విశాఖ వైపు మత్తు మాన్పించే ఏదో ప్రైవేటు కేంద్రంలో ఆరు నెలలు వదిలేయమని బంధువులు అంటున్నారనీ, ఈ రెండింటిలో ఏది మేలనీ అడిగారు. నాకు తెలిసినంతలో రెండూ మేలు కాదు. ముందుగా వాణ్ణి మానసిక వైద్యునికి చూపించి, గంజాయి వెనక ఏముందో తెలుసుకోవాలి. ఆ వెనకున్న దానికీ గంజాయికీ కలిపి, ఒకే వైద్యుని పర్యవేక్షణలో, వీలైనంతవరకు ఇంట్లోనే ఉంచి చికిత్స చేయించాలి.

నేను ఇదే జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా అక్క కొడుకు పదో తరగతి తర్వాత మా ఇంట్లో ఉండి చదువుకున్నాడు. వాడికిప్పుడు ఇరవై దాటాయి. ఇక్కడ రాస్తున్నదంతా ముందు వాడికి చదివి వినిపించి, వద్దన్నవి తీసేసి పెడుతున్నాను.

పార్వతీపురం దగ్గరి పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివి, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఇక్కడికొచ్చి ప్లస్ టూ సైన్సులో చేరాడు. పుస్తకాలేమో ఇంగ్లీషు, తరగతిలో వివరణ సగం ఒడియా, అర్థం కాలేదని లేచి చెప్పడానికి నామోషీ. ఇంట్లోవాళ్లు సాధారణంగా ఎర్రబడ్డ కళ్లు, బట్టల వాసన, పర్సులో తగ్గిన డబ్బు గమనిస్తారు. మా ఇంట్లో వాటన్నిటికంటే ముందు బయటపడింది వాడి ఫిజిక్స్ నోటుబుక్కు. తేదీ వేసి, కింద గీత గీసి, పాఠం పేరు రాసి, ఆపైన పేజీ మొత్తం ఖాళీగా వదిలేసిన రోజులు అందులో వరుసగా ఉన్నాయి. అప్పటికింకా వాడు గంజాయి ముట్టలేదు. రాత్రి రెండు గంటలకు లేచి డాబా మీద పచార్లు చేసేవాడు, అన్నం కెలికి లేచిపోయేవాడు, ప్రాణంగా చూసుకునే క్రికెట్ బ్యాటును ఎవరికో ఇచ్చేశాడు. నిద్ర పట్టడం లేదని ఒక స్నేహితుడితో చెప్పుకుంటే, ఆ స్నేహితుడు నిద్ర పట్టే మార్గం చూపించాడు. వాడు పడ్డ కుంగుబాటుకు మేము గంజాయి అని పేరు పెట్టి కూర్చుంటే ఆ నిద్రలేని రాత్రుల సంగతి ఎవరూ అడిగి ఉండేవారు కాదు.

అందరిలోనూ వరుస ఇలాగే ఉంటుందని అనను. కొందరిలో గంజాయే ముందు వచ్చి, ఆ తర్వాత లేనిపోని అనుమానాలు, ఎవరో మాట్లాడుతున్నట్టు చెవిలో వినిపించడం మొదలవుతాయి. లేత వయసులో మొదలుపెట్టి ఎక్కువగా వాడేవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. మీవాడిలో ఏది ముందో, ఏది వెనకో తేల్చవలసింది వైద్యుడే తప్ప మీరూ నేనూ కాదు.

సొల్యూషన్ సంగతి మాత్రం రేపటికి వాయిదా వేయకండి. దానిలో ఉండే టోలుయీన్ వంటి ద్రావకాలు మెదడుకూ నరాలకూ చేసే హాని ఒక ఎత్తు, గుండె లయను తప్పించడం మరో ఎత్తు. పీల్చి ఉన్న పిల్లవాణ్ణి కేకలు వేసి బెదరగొట్టినా, వెంటపడి పరుగెత్తించినా గుండె అక్కడికక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది, అదీ మొదటిసారి పీల్చినవాడికైనా సరే. చేతిలో జేబురుమాలో ప్లాస్టిక్ కవరో పట్టుకుని కనిపిస్తే, నెమ్మదిగా దగ్గరికి వెళ్లి, గాలి ఆడేచోట కూర్చోబెట్టి, మాటలు తడబడుతున్నా స్పృహ తప్పుతున్నా 108కి ఫోను చేయండి. నాలుగు దెబ్బలు వేయాలనే కోపం మీ బావగారికి రావడం సహజమే, కానీ ఆ నిమిషంలో మాత్రం ఆయన్ని పక్కకు తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ ద్వారా జరిపించి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో, పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఈ పీల్చేదొక్కటే: 10 నుంచి 17 ఏళ్లవారిలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. సైకిలు షాపులో పది రూపాయలకు దొరికే వస్తువు గనుక దీన్ని మత్తుమందుగా ఎవరూ లెక్కచేయరు.

ఎక్కడ చూపించాలన్నది మీ రెండో ప్రశ్న. జిల్లా ప్రధాన ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సేవలుంటాయి. అక్కడ మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే వారం వారం వెళ్లడానికి దగ్గర. అంతకు మించి కావలసివస్తే కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, రైలెక్కితే విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. మేము మొదట ఒడియాలోనే మాట్లాడించాము. కౌన్సెలర్ మంచి మనిషే, కానీ మావాడు ఆయన అడిగినదానికల్లా మర్యాదగా తలూపి, అంతా బాగానే ఉందని చెప్పి వచ్చేశాడు. విశాఖలో తెలుగులో అడిగినప్పుడు గంటకు పైగా మాట్లాడాడు. మమ్మల్నందరినీ బయట కూర్చోమని, ముందు వాడితో ఒంటరిగా మాట్లాడటం కూడా అందుకు కారణమే అనుకుంటాను. మీవాడు ఒడియాలోనే చదువుకుని పెరిగినవాడైతే లెక్క తిరగబడవచ్చు. ఏ భాషలో అయితే పోట్లాడతాడో ఆ భాషలో మాట్లాడించండి. వెంటనే ప్రయాణం కుదరకపోతే, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్‌కు 14416లో రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మత్తు మాన్పించే విషయానికి ప్రత్యేకంగా 14446 ఉంది. పిల్లవాడు రానని మొండికేస్తే ముందు మీరే మాట్లాడండి, ఇంట్లో వాళ్లు ఎలా నడుచుకోవాలో కూడా చెబుతారు.

చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని వాణ్ణి సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మా అక్క భయపడింది. అలా పుట్టదనీ, అడగకపోవడమే ప్రమాదమనీ వైద్యుడు చెప్పారు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఆగకుండా ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు, అమ్మమ్మగారి బీపీ, నిద్రమాత్రలు ఇవాళే వేరేవారింటికి తరలించండి. మన వైపు పత్తి, వరి చేలున్న ప్రతి ఇంటి వసారాలోనూ మందు డబ్బా ఒకటి ఉంటుంది గనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక కేంద్రాలు. అన్నీ చెడ్డవని కాదు, కొందరికి కొన్నాళ్లు చేర్చడం తప్పదు కూడా. కానీ మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మత్తు అలవాటుకు సంబంధించిన స్థితులను కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు వారిని చేర్చుకుంటే పెద్దలతో కలపకుండా వేరుగా ఉంచాలి, తల్లిదండ్రుల్లో ఒకరో వారు ఏర్పాటు చేసిన తోడో చేరినంతకాలం పక్కనే ఉండాలి, గొలుసులతో కట్టడం ఏ రూపంలోనూ కూడదు. కాబట్టి వెళ్లిన చోట రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి, మానసిక వైద్యుడు ఏ రోజుల్లో వస్తారో అడగండి, రాత్రి మీలో ఒకరు ఉండవచ్చా అని అడగండి. మేము చూడటానికి వెళ్లిన ఒకచోట, మూడు నెలల దాకా మొహం చూపించవద్దని మాకే షరతు పెట్టారు. లోపల పెద్ద హాల్లో నలభై ఏళ్ల తాగుడు మనుషుల మధ్య, మీసాలైనా రాని పిల్లవాడొకడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా బావ అప్పటికే బయానా ఇవ్వడానికి డబ్బు లెక్కపెట్టి తెచ్చాడు గానీ, ఆ పిల్లవాణ్ణి చూశాక నోరు మెదపకుండా ఆటో పిలిచాడు.

పోలీసుల భయంతో ఆసుపత్రికి వెళ్లకుండా ఆగకండి. మత్తుమందులకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షను, సొంతానికి వాడినందుకో చిన్న పరిమాణం దగ్గరున్నందుకో కేసు ఎదుర్కొంటున్న బాధితుడు, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. గంజాయికి ఆ చిన్న పరిమాణం 1 కిలో దాకా. అయితే మన జిల్లాల పక్కనే కొండల్లో పంట, మన మీదుగానే రవాణా కాబట్టి ఇంకో మాట అడిగి తెలుసుకోవాలి: వాడిచేత ఎవరైనా పొట్లాలు మోయిస్తున్నారా? పిల్లలచేత మత్తుపదార్థాలు అమ్మించినా మోయించినా బాలల న్యాయ చట్టం, 2015లోని 78వ సెక్షను కింద 7 ఏళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అలాంటిదేమైనా బయటపడితే ఇంట్లో దాచుకోకుండా ఒక న్యాయవాదితో మాట్లాడి, పిల్లల సహాయ ఫోను నంబరు 1098 ద్వారా బాలల సంక్షేమ సమితి దృష్టికి తీసుకెళ్లండి.

చికిత్స గురించి. గంజాయి మాన్పించడానికంటూ ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదని, మాటలతో జరిగే చికిత్సే ప్రధానమని వైద్యుడు మొదటే చెప్పేశారు. మావాడికి ఇచ్చిన మందు కుంగుబాటుకు. అది పనిచేయడానికి వారాలు పడుతుందని కూడా చెప్పారు, లేకపోతే వారం తిరగకుండానే మేము మానిపించి ఉండేవాళ్లమేమో. గంజాయి ఆపిన రెండు మూడు రోజుల్లో చిరాకు, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం మొదలై, మొదటి వారంలో ముదిరి, సుమారు రెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి. నిద్ర మాత్రం ఇంకా కొన్నాళ్లు ఏడిపిస్తుంది. ఆ రోజుల్లో వాడు కంచం విసిరికొట్టాడు, వాళ్లమ్మను అనకూడని మాట అన్నాడు. ఇవి వస్తాయని ముందే తెలిసి ఉండటం వల్ల మా ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. అదే గదిలో చాప వేసుకుని పడుకునేవారు. వాడు లేచి డాబా మీదికి వెళితే తనూ వెళ్లి, ఏమీ అడగకుండా పిట్టగోడ మీద కూర్చునేవారు. అన్నం ముట్టకపోతే పొద్దున్నే రాగి అంబలి, మధ్యాహ్నం చారన్నం, అంతే. మద్యమో, నొప్పి మాత్రలో, దగ్గుమందో కూడా కలిపి వాడుతున్నాడని తేలితే మాత్రం ఇంట్లో ఆపించే ప్రయత్నం చేయవద్దు, వాటిని హఠాత్తుగా మానడం వేరే రకం ప్రమాదం.

ఇంట్లో పెద్దల అలవాట్ల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. అమ్మమ్మ గుడాకుతో, అంటే పొగాకు ముద్దతో, పళ్లు తోముతూ, బావ ఖైనీ నలుపుతూ పిల్లవాణ్ణి మానమంటే వాడు వినడు. మా బావ ఖైనీ మానలేదు గానీ ఇంట్లో వేసుకోవడం మానేశాడు, దానికే మావాడు ఎంతో పొంగిపోయాడు. ఆడపిల్లల్లో ఈ కుంగుబాటు ఇంటిపనుల మాటున, మౌనంలో దాగిపోతుంది, మీ అక్కగారి అమ్మాయిని కూడా ఒక కంట కనిపెట్టండి.

అయ్యప్ప మాల వేయిద్దామని మీ అత్తగారు అన్నారని రాశారు. నాకు దానిమీద చులకన లేదు. మావాడూ వేసుకున్నాడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సమయానికి భిక్ష, చుట్టూ తాగని మనుషులు, స్వామీ అని పిలిచి గౌరవించేవాళ్లు, ఇవన్నీ ఆ వయసువాడికి మంచివే. కానీ వాడు ఒప్పుకుంటేనే వేయించండి, మందులు ఆపకుండా వేయించండి. మండలం ముగిసి మాల తీసిన మరునాటి పొద్దున వాడేం చేయాలో ముందే అనుకుని ఉంచండి. మావాడు మళ్లీ కాల్చింది మాల తీశాకనే, సంక్రాంతి సెలవుల్లో ఊరికెళ్లినప్పుడు. వైద్యుడు దానికి ఆశ్చర్యపోలేదు, ఎవరితో ఉన్నప్పుడు, ఏ మనసుతో ఉన్నప్పుడు అని మాత్రం అడిగి, తర్వాతి అపాయింటుమెంటు కాస్త దగ్గరగా ఇచ్చారు. వాడు దాచకుండా వచ్చి చెప్పాడన్నదే నాకు పెద్ద విషయంగా అనిపించింది.

సైన్సు వదిలేసి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరతానన్నది వాడి ఆలోచనే. ఇంజినీరింగు కల పోయిందని మా అక్క కొన్నాళ్లు ఏడ్చింది. లెక్కల టీచరుగా నాకూ మనసు చివుక్కుమంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇప్పుడు కాగితపు మిల్లు వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర వైరింగు పని చేస్తున్నాడు, కుంగుబాటు మందు వైద్యుడు క్రమంగా తగ్గించి ఆపేశారు, ఆర్నెల్లకోసారి వెళ్లి కనిపించి వస్తాడు.

చివరగా, కళాశాలలో చెప్పాలా, రేపు ఉద్యోగానికి అడ్డవుతుందా అన్నారు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచవలసిన బాధ్యత 2017 చట్టం ప్రకారం ఆసుపత్రిదే. బంధువులకు చెప్పనక్కరలేదు. కళాశాలలో వాడికి నచ్చిన ఒక్క లెక్చరరుకు చెప్పండి, అదీ వాణ్ణి అడిగాకనే. హాజరు కోసం ధ్రువపత్రం కావలసివస్తే, జబ్బు పేరు లేకుండా, చికిత్సలో ఉన్నాడని మాత్రమే రాసి ఇవ్వమని వైద్యుణ్ణి అడగండి. మాకు అలాగే ఇచ్చారు, కళాశాలవారు మారు మాట్లాడకుండా తీసుకున్నారు.