ఫిట్స్ లేవు.. మరి మైగ్రేన్‌కు ఆ మందెందుకు?

ప్రశ్న: నా వయసు 29. నాలుగేళ్లుగా మైగ్రేన్‌తో బాధపడుతున్నాను. నెలకు ఆరేడుసార్లు వస్తోంది. చిన్నప్పటి నుంచి ఆస్తమా కూడా ఉంది. న్యూరాలజిస్టు టోపిరమేట్ మాత్రలు రాశారు. అవి ఫిట్స్‌కు వాడే మందులని తెలిసి భయపడి ఇంకా మొదలుపెట్టలేదు. నాకెప్పుడూ ఫిట్స్ రాలేదు. వచ్చే ఏడాది పిల్లల్ని కనాలనుకుంటున్నాం. ఈ మాత్రలు వాడొచ్చా?

జవాబు: ఈ మందు రాసినంత మాత్రాన మీకు ఫిట్స్ ఉన్నట్టు కాదమ్మా. ముందు ఆ భయం వదిలేయండి. మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడులో నాడీకణాలు చిన్నపాటి ప్రేరణకే అతిగా స్పందిస్తాయి. అందుకే నిద్ర తగ్గినా, ఎక్కువ వెలుతురు పడినా తలనొప్పి మొదలవుతుంది. కొన్ని ఫిట్స్ మందులు ఈ అతిస్పందనను తగ్గిస్తాయి. అమెరికాలో మైగ్రేన్ నివారణకు వాల్‌ప్రోయేట్‌ను 1996లో, టోపిరమేట్‌ను 2004లో అనుమతించారు. నెలలో నాలుగు రోజులకు మించి నొప్పి వస్తుంటే నివారణ మందు గురించి ఆలోచిస్తాం. మీ విషయంలో అది అవసరమే. సాధారణంగా ముందు వాడే ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవారికి పనికిరాదు. బహుశా అందుకే మీ డాక్టర్ దీన్ని ఎంచుకుని ఉంటారు.

అయితే నన్ను కలవరపెడుతున్నది పిల్లల విషయం. గర్భంతో ఉండగా టోపిరమేట్ వాడితే బిడ్డకు గ్రహణం మొర్రి రావచ్చు, ఎదుగుదల తగ్గవచ్చు. వాల్‌ప్రోయేట్ ఇంకా ప్రమాదకరం. వెన్నుపాము లోపాలతో పాటు పిల్లల తెలివితేటలపైనా ప్రభావం చూపుతుంది. పిల్లల్ని కనాలనుకుంటున్న సంగతి మీ డాక్టర్‌కు చెప్పారా? చెప్పకపోతే మాత్రలు మొదలుపెట్టకుండా ముందు ఆయన్ని కలవండి. అమిట్రిప్టిలిన్ వంటి మరో మందు మీకు సరిపోతుందేమో చర్చించండి. ఒకవేళ కొన్ని నెలలు టోపిరమేటే వాడాలని ఇద్దరూ నిర్ణయిస్తే, వాడినన్నాళ్లూ, ఆపాక కనీసం నాలుగు వారాలూ గర్భం రాకుండా గట్టి జాగ్రత్త తీసుకోవాలి. గర్భనిరోధక మాత్రల మీదే ఆధారపడొద్దు. ఈ మందు వాటి ప్రభావాన్ని తగ్గించవచ్చు.

సాధారణంగా రాత్రిపూట 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ రోజుకు 100 దాకా తీసుకెళ్తాం. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గితే మందు బాగా పనిచేసినట్టే. వేళ్లలో తిమ్మిర్లు చాలామందికి వస్తాయి. బరువు తగ్గుతారు. మాట్లాడుతుంటే తెలిసిన మాటే ఒక్కోసారి నోటికి రాదు. కిడ్నీలో రాళ్లు రాకుండా నీళ్లు బాగా తాగాలి. ఉన్నట్టుండి కంటినొప్పి, మసక వస్తే మాత్రం ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోవాలి. మొదలుపెట్టాక సొంతంగా ఒక్కసారిగా ఆపేయొద్దు.

నొప్పి మాత్రలు నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారో మీరు రాయలేదు. పది పదిహేను రోజులకు పైగా వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి. ఆ లెక్క కూడా రాసుకుని డాక్టర్‌కు చూపించండి.