ఇంటి పన్నులోనే మీ చదువు డబ్బులూ ఉన్నాయి

ప్రశ్న: మాది కావలి. నాకు 47 ఏళ్లు. తొమ్మిదో తరగతిలో ఉండగా పెళ్లి చేశారు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. పిల్లలు స్థిరపడ్డారు. ఇప్పుడు పది పాసవ్వాలని, ఇంగ్లీషు చదవడం నేర్చుకోవాలని ఉంది. ఫోన్‌లో చూసిన ఒక ఇంగ్లీషు కోర్సుకు 18 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? ఈ వయసులో చదువేంటని మా ఆయన అంటున్నారు.
— ఒక పాఠకురాలు

జవాబు: కట్టొద్దమ్మా. మీ చదువుకు కావలసిన డబ్బు మీరు ఏటా కడుతూనే ఉన్నారు. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు, అంటే గ్రంథాలయాల కోసం అదనపు పన్ను కూడా కలిపి వసూలు చేస్తారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లాలి. కాబట్టి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి మొహమాటం లేకుండా వెళ్లండి. కూర్చుని చదవడానికి పైసా అక్కర్లేదు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే కొద్దిగా డిపాజిట్ కట్టాలి, సభ్యత్వం మానేస్తే అది తిరిగి ఇస్తారు. మామూలుగా ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరుస్తారు, శుక్రవారం సెలవు. సాయంత్రం పూట మీ కుట్టుపనికీ వీలుగా ఉంటుంది.

ఇంగ్లీషుకు నేను అందరికీ చెప్పేది ఒకటే: మన ప్రభుత్వ బడి పుస్తకాలు. ఈమధ్య మన రాష్ట్రంలో సైన్సు, సోషల్ లాంటి పుస్తకాలను ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో అచ్చువేస్తున్నారు. వేసవిలో పక్కింటి పిల్లల పాత ఆరో తరగతి సైన్సు పుస్తకం అడిగి తీసుకోండి. తెలుగు పేజీ చదివి, తర్వాత ఇంగ్లీషు పేజీ చదవండి. ఆకు, వేరు, నీరు, వెలుగు అన్నీ మీకు తెలిసిన సంగతులే కాబట్టి మాటలు త్వరగా పట్టుబడతాయి. పుస్తకం దొరక్కపోతే బడి పుస్తకాలుండే ప్రభుత్వ దీక్షా యాప్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

ఇక పదో తరగతి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే ఓపెన్ స్కూల్లో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. తెలుగులోనే రాయొచ్చు. ఐదు సబ్జెక్టులు, అందులో లెక్కలు తప్పనిసరి కాదు. లెక్కలంటే టెన్షన్ ఉంటే గృహవిజ్ఞానం లాంటిది ఎంచుకోండి. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు, పోయినదొక్కటే రాసుకోవచ్చు. క్లాసులు సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రంలో, చాలా చోట్ల ప్రభుత్వ హైస్కూల్లోనే జరుగుతాయి. ఫీజులో ఆడవాళ్లకు రాయితీ ఉంది. పాస్ గ్యారంటీ అని మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మీ ఆయన మాట గురించి. 1991లో మన నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షర జ్యోతి కార్యక్రమం మొదలైనప్పుడు నేను రాత్రి బడుల్లో చదువు చెప్పాను. పగలంతా పొలం పని చేసి, లాంతరు వెలుగులో పలక పట్టుకున్న వాళ్లలో మీకంటే పెద్దవాళ్లు చాలామంది ఉండేవారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించింది ఆ చదువు మొదలైన మరుసటి ఏడే. వాచకంలో తాగుడు వల్ల పాడైన కుటుంబం గురించి చదివి, మన ఊళ్లో ఎందుకు ఊరుకోవాలని ఒకరినొకరు అడిగారు. ఆ పోరాటంలో ముందున్న రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

నేను గమనించింది ఏమిటంటే, ఇంట్లో ఒంటరిగా నేర్చుకుంటామన్న వాళ్లు పండగలకో పంటకోతలకో ఆపేశారు. నలుగురు కలిసి కూర్చున్న చోట చదువు నిలబడింది. ఒకరు రాకపోతే మిగతావాళ్లు ఇంటికెళ్లి పిలుచుకొచ్చేవారు. 18 వేలు తీసుకునే వాళ్లు మీకోసం ఆ పని చేయరు. మీ దగ్గర కుట్టించుకునే వాళ్లలో చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్లు ఒకరిద్దరు ఉండే ఉంటారు. అడగండి. మీ ఆయన్నీ పేపరు చదువుకోవడానికి గ్రంథాలయానికి తోడు రమ్మనండి.

ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీరు చదివిన బడికి వెళ్లి రికార్డు షీటు, అంటే అక్కడ చదివినట్టు ఇచ్చే కాగితం కోసం అర్జీ పెట్టండి. పాత రిజిస్టర్లు వెతకడానికి వాళ్లకు టైం పడుతుంది. బడిలో మీది పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో అత్తింటిది ఉండొచ్చు. అలా తేడా ఉంటే ఏ కాగితాలు కావాలో అధ్యయన కేంద్రంలో ఇప్పుడే అడగండి, చివరి తేదీ దాకా ఆగొద్దు.