జర్మన్ పియానో అంటున్నారు, తీసుకోమంటారా?

ప్రశ్న: మాస్టారూ, మాది బరంపురం. మా పాప కీబోర్డు నేర్చుకుంది, ఇప్పుడు పియానో గ్రేడ్ పరీక్షలు రాస్తానని ఒకటే గోల. కోల్‌కతాలో బాగా పేరున్న షాపువాళ్లు పాత బెక్‌స్టైన్ అప్‌రైట్ (గోడకి ఆనించి పెట్టే నిలువు పియానో) చూపించి, 1853 నాటి జర్మన్ కంపెనీ, ఇంకేం ఆలోచించకండి అంటున్నారు. మావారేమో యమహా కొత్తది కొనేస్తే గొడవుండదంటారు. ఏటి చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, బెక్‌స్టైన్ బెర్లిన్ కంపెనీ, పేరు గట్టిదే, అందులో డౌటు లేదు. (స్టైన్‌వే, బ్లూత్‌నర్ అనే పియానో కంపెనీలు కూడా 1853లోనే మొదలయ్యాయి, ఆ ఏడాది ఏం ముహూర్తమో గానీ!) కాకపోతే అది కంపెనీ పుట్టిన ఏడాది, మీకు అమ్మే పియానోది కాదు కదా. పైమూత తీయించి లోపల సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి, ఎప్పటిదో దాదాపుగా తేలిపోద్ది.

అసలు చూడాల్సింది ట్యూనింగ్ పిన్నులు, అంటే తీగలు చుట్టి బిగించే మేకులు. లోపల రెండొందల పైచిలుకు తీగలుంటాయి, అన్నీ కలిపి లాగే లాగుడు టన్నుల్లో ఉంటుంది, ఆ పిన్నులు దిగ్గొట్టి ఉండేది ఒక చెక్కలోకి, పాతబడి ఆ చెక్క పగిలిందంటే పిన్ను పట్టు వదిలేస్తుంది, పొద్దున ట్యూన్ చేసి మీకు వినిపిస్తే అద్భుతంగానే ఉంటుంది, ఇంటికొచ్చిన కొన్నాళ్లకే అపశ్రుతి మొదలు. అందుకే షాపు మనిషి కాకుండా బయటి ట్యూనర్‌కి (పియానో శ్రుతి చేసే మనిషికి) డబ్బులిచ్చి పిన్నులు తిప్పించి చూడండి, ఆ ఖర్చుకి వెనకాడొద్దు. తీగల్ని కొట్టే సుత్తుల మీది ఫెల్టు (ఉన్ని గుడ్డ) పురుగు కొట్టిందేమో కూడా చూడమనండి.

ఇంక మన ఊరి సంగతి, గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉంది, వానాకాలం చెక్క ఉబ్బి నొక్కిన కీ పైకి లేవదు, తీగలకి తుప్పు, ఇది కొత్త యమహాకైనా తప్పదు. కాబట్టి ఏ షాపువాడినైనా అడగాల్సింది ఒకటే, ఏడాదికి రెండుసార్లు బరంపురం ట్యూనర్‌ని పంపిస్తావా, రైలు ఖర్చు ఎవరిది? కాగితం మీద రాసిస్తే మంచి డీలరు, నవ్వి మాట మార్చాడా, ఎంత పేరున్నా మీకు పనికిరాడు.

“మావారికి చెప్పండి” అని మీరనకముందే చెప్తున్నా, ఆయన మాట తీసెయ్యాల్సింది కాదు. వియన్నా బోసెండోర్ఫర్ అంతటి పియానో కంపెనీని 2008లో యమహానే కొనేసింది, జపాన్‌దని చిన్నచూపు అక్కర్లేదు. ట్యూనర్ దారి కుదరకపోతే మాత్రం రెండూ వద్దు, వెయిటెడ్ కీస్ (అసలు పియానోలా బరువుగా నొక్కాల్సిన కీలు) ఉన్న 88 కీల డిజిటల్ పియానో తీసుకోండి, దానికి ట్యూనింగ్ గొడవుండదు, పాప ప్రాక్టీసుకి ప్రస్తుతానికి అది చాలు.